జర జరుగు చలీ

దీపావళి టపాసుల వాసన పోయి, పొద్దున్నే బైకుల మీద ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు జాకెట్ జిప్పు మెడ దాకా లాగే రోజులు వచ్చాయంటే, రజిత నడిపే డే కేర్‌లో ఆ పాట దానంతట అదే మొదలవుతుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు. కిటికీలోంచి ఎండ పడిన చోట ఎవరో ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు రెండోవాళ్ళను భుజంతో నెడతారు. అంతే, మిగతా పిల్లలు బొమ్మలు ఎక్కడివక్కడ వదిలేసి వచ్చి వరసలో దూరతారు.

జర జరుగు చలీ, జర జరుగు
మా గొంగడిల జాగ లేదు, జర జరుగు
అమ్మ పక్కన నేనున్న
నా పక్కన తమ్ముడు
తమ్ముని పక్కన మేకపిల్ల
జర జరుగు చలీ, జర జరుగు

పాట ఇంతే. ఆట కూడా ఇంతే. "జర జరుగు" అన్నప్పుడల్లా అందరూ ఒకే వైపుకు భుజాలతో నెట్టాలి. చివర ఉన్నవాడు వరసలోంచి జారిపడి, నవ్వుకుంటూ లేచి, పరిగెత్తుకొచ్చి మొదట్లో దూరాలి. ఒంట్లోని వణుకు పోయేదాకా ఆడుకోవచ్చు.

నానక్‌రామ్‌గూడ పాత ఊరి సందులో, ఒక ఇంటి కింది అంతస్తులో ఉంటుంది ఆ డే కేర్. సందు చివరికి వెళ్తే అద్దాల టవర్లు. పిల్లల్ని ఇక్కడ దింపి తల్లిదండ్రులు అక్కడికి వెళ్తారు. టవర్లలో కూడా ఆ పాట ఉందని తల్లులు చెబుతుంటారు. నిండిన లిఫ్టులో ఇంకొకరు ఎక్కబోతే లోపలి నుంచి ఎవరో ఒకరు "జర జరుగు చలీ" అని రాగం తీస్తారట. షేర్ ఆటోవాళ్ళు నాలుగో మనిషిని ఇరికించడానికీ అదే పాట వాడతారు. ఇక ఫోన్లలో చెప్పనక్కర్లేదు. ఎర్ర మఫ్లర్ చుట్టుకున్న పెంగ్విన్ ఒకటి మంచు కొండ మీద నిలబడి ఆ పాట పాడే వీడియో ఉంది. అందులో గొంగడి పోయి పూల బ్లాంకెట్ వచ్చింది, మేకపిల్ల పోయి పెంగ్విన్ పిల్ల వచ్చింది. చివర్లో పెంగ్విన్ చీపురు తీసుకుని "పారిపో చలీ పారిపో" అంటూ చలిని తరిమేస్తుంది. ప్రతి ఏడాదీ చలికాలం రాగానే అది మళ్ళీ పైకి లేస్తుంది. దాన్ని చూడకపోతే అన్నం తినని పిల్లలు రజిత దగ్గరే ఉన్నారు.

రజితకు ఆ పెంగ్విన్ మీద కోపమేమీ లేదు. కానీ ఎవరు ఎక్కడ ఎలా పాడుకున్నా ఆ పాట తనదని ఆమె నమ్మకం. పైకి ఎవరితోనూ అనేది కాదు. భర్తకు తెలుసు, తమ్ముడు మధుకర్‌కు తెలుసు, చాలా ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్న భూలక్ష్మికి తెలుసు. అంతే.

ఆమె రెండో తరగతిలో ఉన్నప్పటి మాట. నానక్‌రామ్‌గూడ అప్పుడు బండరాళ్ళ మధ్య చిన్న ఊరు. ఆ చలికాలం అమ్మకు జ్వరం ముదిరి పట్నంలో దవాఖానలో ఉంది. నాన్న అక్కడే ఉండిపోయాడు. మధుకర్ ఇంకా సరిగ్గా మాటలు రాని పిల్లవాడు. వాణ్ణి చూసే మనిషి లేక, ఒక పొద్దున రజిత వాణ్ణి చంకనెత్తుకుని బడికి పోయింది. వాడి ముక్కు కారుతోంది, ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల గోనెపట్టల మీద పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. కూర్చోవడానికి చోటు లేదు, ఉన్నా తమ్ముణ్ణి తీసుకుని పోయి కూర్చోవడానికి మొహం చెల్లలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి పోదామనుకుంది.

అప్పుడు చెన్నకేశవులు సార్ బల్ల మీద నుంచి లేచి, పిల్లల వైపు చూసి, చేత్తో ఇలా జరగమన్నట్టు సైగ చేసి, పాట అందుకున్నాడు. జర జరుగు చలీ, జర జరుగు. పిల్లలకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఒకరినొకరు నెట్టుకుంటూ జరిగారు. వరస మధ్యలో చోటు తెరుచుకుంది. రజిత పోయి అందులో కూర్చుంది. నా పక్కన తమ్ముడు అని సార్ పాడినప్పుడు అందరూ మధుకర్‌నే చూశారు. ఎవరి గొంగడో వచ్చి ఇద్దరి మీదా పడింది. కాసేపటికి వాడు ఆమె ఒళ్ళోనే నిద్రపోయాడు. అమ్మ ఇంటికొచ్చేదాకా రోజూ వాణ్ణి తీసుకునే బడికి పోయింది. రోజూ పొద్దున ఆ పాటతోనే బడి మొదలయ్యేది.

సార్ ఆ పాటను తన కోసమే, ఆ నిమిషాన, ఆ తలుపు దగ్గర తనను చూసి కట్టాడని ఆమె నమ్మింది. అలా నమ్ముతూనే పెద్దదైంది. ఆ పాట ఊరు దాటి, బడులు దాటి, ఫోన్లలోకి వచ్చి కూర్చుంటే, అదేదో తన కూతురు పెద్ద ఉద్యోగం తెచ్చుకున్నట్టు లోలోపల పొంగిపోయేది.

ఈ ఏడు చలి మొదలైన రోజుల్లోనే సురేంద్ర ఆ పాట మాట ఎత్తాడు. అతనిది అనంతపురం వైపు. మాదాపూర్‌లో పిల్లల వీడియోలు తయారు చేసే కంపెనీలో పని. కూతురు మోక్షిత రెండేళ్ళుగా రజిత దగ్గరే ఉంటోంది. ఒక సాయంత్రం కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, పిల్లలు గోడవారన నెట్టుకుంటూ పాడడం చూసి, ఆ పెంగ్విన్ వీడియో తమ కంపెనీదేనని, ఈ చలికాలానికి దాన్ని మళ్ళీ కొత్తగా తీస్తున్నారని చెప్పాడు. పాట ఎవరు రాశారో ఎవరికీ తెలియదు కాబట్టి కింద సంప్రదాయ గీతం అని వేస్తారట. వాళ్ళమ్మ జయమ్మ కూడా చిన్నప్పటి నుంచి ఆ పాట పాడేదని, కాకపోతే వాళ్ళ వైపు "రవ్వంత జరుగు" అంటారని నవ్వాడు.

రజితకు ఏమైందో ఏమో, ఇన్నేళ్ళూ దాచుకున్న మాట నోట్లోంచి వచ్చేసింది.

"ఎవరు రాసిండ్రో ఎందుకు తెలువది సర్? మా సార్ కట్టిండు. నా కోసం కట్టిండు."

సురేంద్ర కూతురి బ్యాగు భుజానికి తగిలించుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. రజిత మొత్తం చెప్పింది. అతను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా విన్నాడు. చివరికి, ఆ సార్ ఉన్నాడా అని అడిగాడు.

"ఉన్నడు. ప్రగతి నగర్‌ల బిడ్డ దగ్గర ఉంటడు."

ఆ సంగతి మధుకర్ ద్వారా తెలిసింది. మధుకర్‌కు మదీనాగూడలో ఏసీలు బాగుచేసే షాపు ఉంది. పోయిన ఎండాకాలం ప్రగతి నగర్‌లో ఒక ఇంటికి పనికి పోతే, ఆ ఇల్లు చెన్నకేశవులు సార్ కూతురు సంయుక్తది. సార్ లోపల నిద్రపోతున్నాడట. పలకరించకుండానే వచ్చేశాడు. అప్పటి నుంచీ ఒకసారి పోయి రావాలని అక్కాతమ్ముళ్ళు అనుకుంటూనే ఉన్నారు.

ఆ ఆదివారం మధుకర్ కారులో ముగ్గురూ బయలుదేరారు. సురేంద్ర తన ఫోను, చిన్న స్టాండు తెచ్చుకున్నాడు. సార్ మాటలు, రజిత మాటలు రికార్డు చేసి, పాట వెనక కథగా వీడియోతో పాటు పెడదామని అతని ఆలోచన. రజిత మంచి చీర కట్టుకుంది. దారిలో పండ్లు కొనిపించింది. నిజాంపేట దాటినప్పటి నుంచి ఆమెకు, సార్ తనను చూడగానే గుర్తుపడతాడా, పడితే ముందు ఏమంటాడు అని అదే ఆలోచన.

సార్ బాల్కనీలో ఎండకు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. స్వెట్టర్ మీద శాలువా, కాళ్ళకు మేజోళ్ళు. కింద చెరువు మీద పొగమంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు. కుడి చెవి వినపడదని, ఎడమ వైపు కూర్చుని మాట్లాడమని సంయుక్త చెప్పింది. అందరికీ టీ పెట్టి తెచ్చింది.

రజిత కాళ్ళకు దండం పెట్టి పేరు చెప్పింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఏ ఊరన్నవ్ బిడ్డా?"

నానక్‌రామ్‌గూడ అని చెప్పింది. ఆయన మొహం విప్పారింది. ఆ ఊరి బడి వెనక గుండ్రాయి గురించి, తరగతి గదిలోకి వచ్చి పడుకునే బర్రె గురించి, మధ్యాహ్నం తనకు మజ్జిగ తెచ్చిచ్చే ముసలమ్మ గురించి చెప్పుకొచ్చాడు. అన్నీ నిన్న జరిగినట్టే చెప్పాడు. రజితకు ధైర్యం వచ్చింది. ఆ పొద్దుటి సంగతి మొదలుపెట్టింది. తలుపు, తమ్ముడు, గోనెపట్టలు, ఎవరిదో నవ్వు, సార్ సైగ, పాట. సురేంద్ర ఫోను స్టాండు మీద పెట్టి రికార్డు చేస్తున్నాడు. మధుకర్ తల వంచుకుని టీ కప్పులోకి చూస్తున్నాడు.

సార్ అంతా విన్నాడు. మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"నాకు యాదికి లేదు బిడ్డా," అన్నాడు. "యాదికుందని అబద్ధం చెప్పొచ్చు. కానీ నువ్వు గింత నిజంగ చెప్తుంటే నేను అబద్ధమెట్ల చెప్పాలె?"

తర్వాత ఆయన చెప్పిన దాన్ని బట్టి, పాట నానక్‌రామ్‌గూడ కంటే ముందుది. ఆయన మొదటి ఉద్యోగం తాండూరు అవతల ఒక పల్లెలో. ఒక చలికాలం తెల్లవారుజామున బస్సు కోసం తాండూరు బస్టాండులో కూర్చుంటే, ఎదురుగా ఒక కూలి తల్లి ఒకే గొంగడి కింద పిల్లలందర్నీ సర్దుతోందట. కడపటి పిల్లవాడికి చోటు చాలక మిగతావాళ్ళను జరుపుతూ, జర జరుగు చలీ, మా గొంగడిల జాగ లేదు అని రెండు ముక్కలు పాడుతోందట, పిల్లల్ని కాకుండా చలిని జరగమన్నట్టు. ఆ తల్లిది ఏ ఊరో, ఎక్కడికి పోతోందో ఆయనకు తెలియదు. ఆ రెండు ముక్కలు మాత్రం బడి దాకా ఆయన వెంట వచ్చాయి. ఆ బడిలో ఒక గొర్లకాపరి కొడుకు మేకపిల్లను వదలలేక, దాన్ని తీసుకుని లోపలికి రాలేక, బయట చలిలో కూర్చునేవాడు. వాణ్ణి లోపలికి పిలవడానికి మేకపిల్లను పాటలో కలిపాడు. పాటలోకి అమ్మ, తమ్ముడు కూడా అప్పుడే వచ్చారు.

"నువ్వొక్కదానివే కాదు," అన్నాడు సార్, నవ్వుతూనే. "మొన్నామధ్య ఒక కండక్టర్ వచ్చిండు. సార్, ఆ పాట నా కోసమే కట్టిండ్రు గదా అన్నడు. ఒకామె దుబాయ్ నుంచి ఫోన్ జేసి గదే మాట. నాకు వాళ్ళు సుత యాదికి లేరు."

ఆయన ఆ మాట ప్రేమగానే అన్నాడు. కానీ రజితకు చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు అయింది. టీ కప్పు ఎత్తింది. అందులో టీ అయిపోయి చాలాసేపైంది. సురేంద్ర చేయి చాపి, చప్పుడు కాకుండా రికార్డింగ్ ఆపేశాడు. ఆ సంగతి ఆమె గమనించింది, ఆ క్షణంలో అతని మీద ఎంతో కృతజ్ఞత కలిగింది.

మాట మార్చడానికి కాబోలు, సురేంద్ర వాళ్ళమ్మ పాడే "రవ్వంత జరుగు" గురించి చెప్పాడు. సార్‌కు అది మహా సంబరమైంది. రవ్వంత జరుగు, రవ్వంత జరుగు అని రెండు మూడు సార్లు తనలో తాను అనుకున్నాడు. అనంతపురానికి ఎట్ల పోయింది, ఎవరు తీసుకపోయిండ్రు అని అడిగాడు. సురేంద్రకు మాత్రం ఏం తెలుసు? బస్టాండులోని ఆ తల్లే అటు వైపు మనిషేమో, ఇక్కడికి పనికొచ్చిందేమో అని ఇద్దరూ కాసేపు అనుకున్నారు. తర్వాత పెంగ్విన్ వీడియో చూపిస్తే, సార్ ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని చివరిదాకా చూశాడు. చీపురుతో చలిని తరిమిన చోట ముఖం చిట్లించాడు.

"గట్ల తరమద్దు," అన్నాడు.

చివరి చరణం అది కాదట. నానక్‌రామ్‌గూడ నుంచి బదిలీ అయి శంకర్‌పల్లి వైపు చేస్తున్నప్పుడు, ఒక ఆడపిల్ల పాటంతా అయ్యాక లేచి, చలిని బయటికి జరిపితే అది ఎక్కడ పండుకోవాలె సార్ అని అడిగిందట. మర్నాడు కొత్త చరణం కట్టుకుని బడికి పోయాడు. ఇప్పుడు కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తూ పాడి వినిపించాడు. గొంతు సన్నబడిపోయింది, కానీ తాళం ఎక్కడా తప్పలేదు.

చలికి సుత చలి వెట్టె
గడప కాడ గజగజ
ఇగ ఏం జేస్తం, రా చలీ
అందరు జర జరుగుండ్రి

రజిత ఆ చరణం ఎన్నడూ వినలేదు. తనదనుకున్న పాట తనకంటే ముందు ఎక్కడో పుట్టి, తన దగ్గర కొన్నాళ్ళు ఉండి, తన తర్వాత కూడా పెరిగిందన్నమాట. తను ఎక్కడో మధ్యలో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు మియాపూర్ దగ్గర వెనక సీట్లోంచి సురేంద్ర, కావాలంటే ఆమె చెప్పిన కథే పెట్టుకుందామని, అది అబద్ధం కాదు కదా అని మెల్లగా అన్నాడు. వద్దని తల ఊపింది. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు మధుకర్ అన్నాడు:

"అక్కా, పాట ఎప్పటిదైతే ఏంది? అది ముందే ఉండనీ. కానీ ఆ రోజు జరిగింది మనకే గదా."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. వాడు జరిగింది అన్నది ఏ అర్థంలోనో ఆమెకు మొదట తెలియలేదు. ఆ పొద్దున బడిలో ఏం జరిగిందో అదా? పిల్లలు జరిగి చోటిచ్చారు కదా, అదా? వాడు రెండూ అనుకునే అన్నాడో, ఏదో ఒకటి అనుకునే అన్నాడో అడగలేదు. పచ్చ లైటు పడింది.

అంత మాత్రాన మనసు వెంటనే కుదుటపడలేదు. ఇంటికి పోయి చీర మార్చుకుని, అక్కర్లేని గిన్నెలు కూడా తోమింది. భర్త అడిగితే, సార్ బాగున్నడు, మంచిగ మాట్లాడిండు అని మాత్రం చెప్పింది. బట్టలు మడత పెడుతుంటే మళ్ళీ ఆ పొద్దు గుర్తొచ్చింది. ఈసారి చిత్రంగా సార్ గానీ పాట గానీ ముందుకు రాలేదు. పక్కన కూర్చున్న పిల్ల భుజం గుర్తొచ్చింది. ఆ పిల్ల పేరేమిటో, ఎవరి బిడ్డో తెలియదు. మొహం కూడా గుర్తులేదు. భుజం మాత్రం వెచ్చగా, గట్టిగా, తన భుజానికి ఆనుకుని ఉంది. తమ్ముడు నిద్రపోయాక కూడా ఆ పిల్ల కదలకుండా అలాగే కూర్చుంది, వాడు లేస్తాడని. ఇన్నేళ్ళలో ఆ పిల్లను ఒక్కసారి కూడా తలుచుకోలేదని రజితకు అప్పుడు తోచింది.

సోమవారం పొద్దున చలి ఇంకా ఎక్కువైంది. పిల్లలు వస్తూనే గోడవారన చేరి నెట్టుకోవడం మొదలుపెట్టారు. రజిత వాళ్ళ ముందు కూర్చుని, ఈ పాటలో ఇంకొంచెం ఉందని, తనకు కూడా నిన్ననే తెలిసిందని చెప్పింది. కొత్త చరణం పాడింది. గడప కాడ గజగజ అన్నప్పుడు భూలక్ష్మి తలుపు దగ్గర నిలబడి వణికి చూపించింది. పిల్లలు ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. చలికి కూడా చలేస్తుందన్న సంగతి వాళ్ళకు పెద్ద విషయంగా కనిపించినట్టుంది.

"అయితే అది ఎప్పుడొస్తది?" అని ఒకడు అడిగాడు.

జాగ ఇస్తే వస్తదని రజిత చెప్పింది. పిల్లలు జరిగారు. ఎవరూ చెప్పకుండానే వరస మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. బ్లాంకెట్ అంచు ఆ ఖాళీ మీద కూడా కప్పారు. మోక్షిత అక్కడ చేయి పెట్టి చూసి, చల్లగానే ఉంది, వచ్చింది అంది. ఆ తర్వాత ఆ చోట ఎవరూ కూర్చోలేదు. ఆ సంగతి మరచిపోయి పరిగెత్తుకొచ్చిన ఒకడు అందులో దూరబోతే, పక్కనున్నవాళ్ళు వాణ్ణి ఇంకో వైపుకు లాక్కున్నారు. నీళ్ళ సీసా కూడా అక్కడ పెట్టనివ్వలేదు. టిఫిన్ల వేళకు భూలక్ష్మి బ్లాంకెట్ తీయబోతే, జర ఆగు, అది పండుకుంది అన్నారు. భూలక్ష్మి ఆగింది.

కూతురి స్వెట్టర్ మరచిపోయి వెనక్కి వచ్చిన సురేంద్ర ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. ఫోను జేబులోంచి తీయలేదు. మోక్షిత పరిగెత్తుకెళ్ళి, నాన్నా, చెప్పులతో రావద్దు, చలి లేస్తది అని గుసగుసగా చెప్పింది. అతను చెప్పులు విడిచి, మునివేళ్ళ మీద వచ్చి, స్వెట్టర్ ఇచ్చి, అలాగే వెళ్ళిపోయాడు.

ఆఫీసులో ఆ చివరి చరణం పెట్టించడానికి అతను బాగానే కష్టపడవలసి వచ్చిందని తర్వాత చెప్పాడు. చీపురు సీను పిల్లలకు ఇష్టమని, అది తీసేస్తే చూడరని పైవాళ్ళు అన్నారట. చివరికి పెంగ్విన్ ఉంది, మఫ్లర్ ఉంది. చీపురు మాత్రం పోయింది. పెంగ్విన్ తలుపు తీసి, గజగజ వణుకుతున్న చలిని లోపలికి పిలిచి, బ్లాంకెట్ కిందికి తెస్తుంది. సురేంద్ర పట్టుబట్టి మేకపిల్లను కూడా వెనక్కి తెప్పించాడు. మంచు కొండ మీద మేకపిల్ల ఏమిటని ఎవరూ అడగలేదట.

పేరు దగ్గర ఇంకో తిరకాసు వచ్చింది. సార్‌కు ఫోన్ చేస్తే, మొదటి ముక్కలు ఆ తల్లివి, ప్రశ్న ఆ పిల్లది, నా ఒక్కని పేరు వద్దన్నాడు. సురేంద్ర మూడు సార్లు మాట్లాడాక, చెన్నకేశవులు సార్, ఆయన బడిపిల్లలు అని వేయడానికి ఒప్పుకున్నాడు. రజిత పేరు విడిగా వేయనా అని సురేంద్ర అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించింది. ఆలోచించలేదని చెబితే అబద్ధం.

"బడిపిల్లలు అన్నరు గద సర్," అంది. "అండ్లనే నేనున్న."

కొత్త వీడియో వచ్చింది. బాగుందన్నారు. అయినా ఇప్పటికీ ఎక్కువమంది చూసేది పాత పెంగ్విన్‌నే, చీపురుదాన్నే. డే కేర్ పిల్లలు రెండూ పాడతారు. ఇళ్ళలో పారిపో చలీ అంటారు, ఇక్కడికొస్తే రా చలీ అంటారు. వాళ్ళకు అందులో ఇబ్బందేమీ కనిపించదు. జయమ్మ అనంతపురం నుంచి ఫోన్ చేసి, రవ్వంత అని కదా ఉండాల, ఎవురు మార్చినారు అని కొడుకును కోప్పడిందట.

రజిత ఆ వీడియో సార్‌కు పంపింది. రెండు రోజుల దాకా ఏమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం, పిల్లలు నిద్రపోతున్న వేళ, సంయుక్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. లోపలి గదిలోకి పోయి ఎత్తింది. సార్ గొంతు.

"చూసిన బిడ్డా. మంచిగున్నది. మేకపిల్ల మంచిగున్నది."

రజిత సంతోషమని అంది. ఆయనకు వినపడలేదేమో, మళ్ళీ గట్టిగా అంది.

"కానీ జర తొందర ఎక్కువైంది," అన్నాడు సార్. "పాట మధ్యల కొంచెం ఆగాలె. పిల్లలు జరగనీకి టైం ఇయ్యాలె గద. ఆ దినం నీతోని వచ్చినాయనకు చెప్పు, ఆ వీడియో ఆయనకు."

చెబుతానంది. చెప్పినా ఇప్పుడు మార్చరని ఆమెకు తెలుసు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ఆయన ఫోన్లోనే పాడి చూపించాడు. రజిత చెవికి ఫోను పెట్టుకుని, ఆయనతో పాటు గొంతు తగ్గించి పాడుతూ, ఆ ఆగే చోట్లన్నీ నేర్చుకుంది.